దూరం బయటపెట్టే తప్పులు

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో చేయి కుదిరిన షూటర్ యాభై మీటర్ల లేన్‌లోకి వెళ్లగానే స్కోరు పడిపోతుంది. అప్పుడు దాదాపు అందరికీ తట్టేది ఒకటే ఆలోచన: నేను ఇంకా కదలకుండా ఉండాలి. జాకెట్ ఇంకో బొత్తం బిగిస్తారు, ఊపిరి ఇంకాసేపు బిగబడతారు, నల్ల వృత్తం నిశ్చలంగా నిలిచేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టి ఎదురుచూస్తారు. అదీ పనిచేయకపోతే తూటాల బ్రాండు మారుస్తారు. ఈ అధ్యాయంలో నేను వాదించబోయేది వేరు. దూరం పెరిగినప్పుడు గురి తప్పడానికి కారణాలు మూడు రకాలు. ఒక రకం తప్పు దూరంతో అసలు పెరగదు. రెండో రకం దూరం ఎంత పెరిగితే అంత పెరుగుతుంది. మూడో రకం దూరం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. వీటిని విడదీయకుండా చేసే సాధన రోజుకు నాలుగు గంటలు చేసినా ఉన్నచోటే తిరుగుతుంది. విడదీసి, రెండో రకాన్ని ముందు అదుపులోకి తెచ్చుకుని, ఆ తర్వాతే మూడోదాని జోలికి వెళ్లినవారు అదే రైఫిల్‌తో, అవే తూటాలతో ముందుకు వెళ్లగలరు.

ముందు టార్గెట్ కార్డుల కొలతలు చూద్దాం. అంతర్జాతీయ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ వాటిని నిర్ణయించిన తీరులోనే సగం సమాధానం ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కార్డులో టెన్ 0.5 మిల్లీమీటర్ల చుక్క. అక్కడి నుంచి ఒక్కో రింగు వెడల్పు 2.5 మి.మీ. 50 మీటర్ల కార్డులో టెన్ వ్యాసం 10.4 మి.మీ., రింగు వెడల్పు 8 మి.మీ. 300 మీటర్ల కార్డులో టెన్ 100 మి.మీ., రింగు 50 మి.మీ. ఇప్పుడు లెక్క కట్టండి. 10 నుంచి 50 మీటర్లకు దూరం ఐదింతలైంది, రింగు మాత్రం 3.2 రెట్లే పెరిగింది. అంటే పది మీటర్ల దగ్గర ఒక రింగు పోగొట్టే కోణపు తప్పు, గాలి ఊసే లేకపోయినా, యాభై మీటర్ల దగ్గర ఒకటిన్నర రింగులు పోగొడుతుంది. 50 నుంచి 300 మీటర్లకు దూరం ఆరింతలు, రింగు ఆరుంపావు రెట్లు. కోణం లెక్కన చూస్తే 300 మీటర్ల కార్డు 50 మీటర్ల కార్డు కంటే కాస్త ఉదారమైనదే! అయినా 300 మీటర్లు తేలిక అని ఎవరూ అనరు. అక్కడ పరీక్ష పెట్టేది కోణం కాదు, తూటాకూ కార్డుకూ మధ్య ఉన్న గాలి, ఎండ సెగ, భుజాన్ని తన్నే పెద్ద తూటా. పది నుంచి యాభైకి వెళ్లడం ప్రధానంగా కోణపు పరీక్ష. యాభై నుంచి మూడొందలకు వెళ్లడం గాలి పరీక్ష. రెండింటికీ ఒకే మందు వేస్తే ఏదీ నయం కాదు.

మొదటి రకం గురించి రెండు మాటలు చాలు. బ్యారెల్ దిశ మారకుండా రైఫిల్ మొత్తం పక్కకు ఒక మిల్లీమీటరు జరిగితే, తూటా కూడా ఒక మిల్లీమీటరే పక్కకు పడుతుంది. పది మీటర్లయినా మూడొందల మీటర్లయినా అంతే. ఒళ్లు లయగా ఊగుతున్నప్పుడు వచ్చే కదలికలో కొంత భాగం ఇలాంటిదే. దాన్ని చూసి బెదరక్కర్లేదు. అసలు చిక్కు రెండో రకంతో. రియర్ సైట్‌కూ ఫ్రంట్ సైట్‌కూ మధ్య దూరం 750 మి.మీ. అనుకుందాం. ఫ్రంట్ సైట్ రింగు, రియర్ సైట్ రంధ్రం మధ్యలో కాకుండా 0.1 మి.మీ. పక్కకు ఉంటే, అంటే తల వెంట్రుక మందమంత, పది మీటర్ల దగ్గర తూటా 1.3 మి.మీ. తప్పుతుంది. యాభై దగ్గర 6.7, మూడొందల దగ్గర 40. తలుపు బందు దగ్గర గింజంత కదలిక అంచు దగ్గర జానెడు అయినట్టే. పైగా ఈ తప్పు కంటికి ఆనదు. నల్ల వృత్తం ఫ్రంట్ రింగు మధ్యలో ముద్దుగా కూర్చునే ఉంటుంది, షూటర్ టెన్ అనుకునే కొడతారు, మానిటర్ మీద ఎనిమిది కనిపిస్తుంది. నల్ల వృత్తం రింగులో ఊగడం కనిపించే తప్పు. ఎంత ఊగిందో అంతే తప్పుతుంది, అది ముందే తెలుస్తుంది. రెండు సైట్లు ఒకదానితో ఒకటి కుదరకపోవడం కనిపించని తప్పు. స్కోరు పోయేది ఎక్కువగా కనిపించని తప్పు వల్ల, భయపడేది మాత్రం కనిపించే తప్పును చూసి.

ఇక్కడ తెలుగు పాఠకులకు వెంటనే ఒక అభ్యంతరం రావాలి. ద్రోణుడు అడిగితే అర్జునుడు పిట్ట కన్ను తప్ప మరేమీ కనిపించడం లేదన్నాడు కదా, గురి అంటే లక్ష్యం మీదే చూపు నిలపడం కాదా? విల్లుకు ఆ సమాధానం సరిపోవచ్చు. రంధ్రపు సైట్లున్న రైఫిల్‌కు అదే పాఠం నేర్పితే షూటర్ చెడిపోతారు. కన్ను ఒక సమయంలో ఒక దూరం మీదే పూర్తి స్పష్టతతో నిలవగలదు. చూపు కార్డు మీదికి పరిగెత్తితే ఫ్రంట్ రింగు మసకబారుతుంది, అది రియర్ రంధ్రం మధ్యలో ఉందో లేదో చెప్పేవారుండరు. చూపు ఫ్రంట్ రింగు మీద ఉండాలి. రంధ్రం చిన్నది కాబట్టి దూరంగా ఉన్న నల్ల వృత్తం కూడా కావలసినంత స్పష్టంగానే కనిపిస్తుంది. కాస్త మసగ్గా ఉన్నా ఫరవాలేదు, గుండ్రటి మసకకూ నడిమధ్య నడిమధ్యే. ఇంకో సంగతి చాలామంది గమనించరు. 10 మీటర్ల కార్డులో నల్ల భాగం 30.5 మి.మీ., 50 మీటర్ల కార్డులో 112.4 మి.మీ. కంటికి ఆనే పరిమాణంలో రెండోది మొదటిదానికి ముప్పాతిక వంతు కూడా ఉండదు. పది మీటర్లకు అలవాటైన ఫ్రంట్ రింగునే యాభైకి వాడితే చుట్టూ తెలుపు ఎక్కువై, మధ్య ఎక్కడో కన్ను తేల్చుకోలేదు. అలాగని నల్ల వృత్తాన్ని ఒరుసుకునేంత సన్నటి రింగు వేయకూడదు. సన్నటి తెల్ల గీత మాయమవుతూ కనబడుతూ షూటర్‌ను మరీ ఎక్కువసేపు ఆపేస్తుంది. నాలుగైదు సైజులు వరుసగా వేసి చూడండి. ఎనిమిది సెకన్లలోపు నమ్మకంగా కొట్టగలిగే రింగు మీది.

చెంప చీక్‌పీస్ మీద ఆనే బరువు కూడా సైట్ల సంగతే. ఒక షాట్‌కు గట్టిగా, ఇంకో షాట్‌కు తేలికగా ఆనితే కన్ను ఆ మేరకు పైకో కిందికో జరుగుతుంది, కనిపించని తప్పు అక్కడే పుడుతుంది. అద్దం ముందు చూసుకుని సరిచేసుకునేది కాదిది. కళ్లు మూసుకుని తల ఆనించండి, కళ్లు తెరిచినప్పుడు ఫ్రంట్ రింగు రియర్ రంధ్రం మధ్యలో దానంతటదే కనిపించాలి. మెడ సాచి వెతుక్కోవాల్సి వస్తే చీక్‌పీస్ ఎత్తు మీకు సరిపోలేదన్నమాట.

కళ్లు మూసుకునే ఆ పరీక్షను కాస్త పొడిగిస్తే ఈ అధ్యాయంలోని అతి ముఖ్యమైన సాధన వస్తుంది. కోచ్‌లు దాన్ని నేచురల్ పాయింట్ ఆఫ్ ఎయిమ్ అంటారు. పొజిషన్‌లో కుదురుకోండి, గురి పెట్టండి, కళ్లు మూసుకుని రెండు ఊపిర్లు తీసి వదలండి, భుజాలూ చేతులూ వదులు చేయండి, తెరవండి. రైఫిల్ ఇప్పుడు చూస్తున్నదే మీ ఒళ్లు చూపిస్తున్న దిక్కు. అది నల్ల వృత్తానికి ఎడమకు ఉంటే చేత్తో కుడికి నెట్టడం సహజంగా వచ్చే పని, చేయకూడని పని. నెట్టి ఉంచిన కండరం ట్రిగ్గర్ తెగే క్షణంలో ఎంతోకొంత సడలుతుంది, రైఫిల్ తన దిక్కుకు తిరిగిపోతుంది, తూటా ఎప్పుడూ ఒకే వైపు జారుతుంది. పది మీటర్ల దగ్గర అది 9.8గా సర్దుకుపోయి కంటబడకుండా దాక్కుంటుంది, యాభై దగ్గర దాక్కోలేదు. ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కొట్టేటప్పుడు, ఎడమ మోచేతిని ఇరుసుగా ఉంచి నడుము జరపాలి. స్టాండింగ్‌లో పాదాలు జరపాలి. ఎత్తులో తేడా వస్తే ప్రోన్‌లో ఒళ్లు మొత్తం ఒక అంగుళం ముందుకో వెనక్కో జరగాలి. షాట్ పేలాక రైఫిల్ ఎగిరి తిరిగి వచ్చి ఎక్కడ ఆగుతుందో కూడా చూడండి. నల్ల వృత్తం మీదే ఆగితే కుదిరినట్టు. పక్క లేన్ వైపు ఆగితే పొజిషన్ కట్టడం మళ్లీ మొదలుపెట్టాలి. సైట్ల క్లిక్కులు తిప్పి సరిపెట్టుకునే జబ్బు కాదిది.

ట్రిగ్గర్ దగ్గర మాత్రం తీరిగ్గా ఆగాలి, ఎందుకంటే కదలకుండా ఉండాలనే కోరిక ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే. కంటికి ఏదైనా కనిపించి, నిర్ణయం జరిగి, వేలు కదలడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. రైఫిల్ ముక్కు సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున, అంటే మీకు దాదాపు నిశ్చలంగా అనిపించేంత మెల్లగా, పక్కకు సాగుతోందనుకుందాం. యాభై మీటర్ల దగ్గర గురి సెకనుకు 67 మి.మీ. చొప్పున నడుస్తోందన్నమాట. ఆ 0.2 సెకనులో 13 మి.మీ. దాటిపోతుంది. ఒక రింగు 8 మి.మీ. మాత్రమే. కాబట్టి టెన్ కనిపించిన క్షణంలో కొట్టాలనుకునే షూటర్ ఎప్పుడూ టెన్ దాటిపోయాకే కొడతారు. ఇందులో చేతి వణుకు దోషమేమీ లేదు, ఒంటి నిర్మాణమే అంత. దీనికి విరుగుడు, గురి నల్ల వృత్తం మధ్యకు వచ్చి మెల్లబడగానే ట్రిగ్గర్ మీద ఒత్తిడి మొదలుపెట్టి, ఆపకుండా, ఎక్కువ తక్కువ కాకుండా పెంచుతూ పోవడం. గురి ఆ చిన్న పరిధిలో తిరుగుతూనే ఉంటుంది. ట్రిగ్గర్ తెగే క్షణం మీరు ఎంచుకున్నది కాకపోతే మంచిది. ఎనిమిది పది సెకన్లలో తెగకపోతే రైఫిల్ దించేయాలి. కన్ను పాత చిత్రాన్నే చూపించడం మొదలుపెడుతుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఆ తర్వాత కొట్టే షాట్ ఆశ మీద కొట్టే షాట్.

ట్రిగ్గర్ ఎంత పెద్ద విషయమో చెప్పడానికి 2008 బీజింగ్ ఒలింపిక్స్ చాలు. 50 మీటర్ల త్రీ పొజిషన్ ఫైనల్లో అమెరికా షూటర్ మాథ్యూ ఎమ్మన్స్ చివరి షాట్‌కు ముందు మూడు పాయింట్లకు పైగా ఆధిక్యంలో ఉన్నాడు. ఒక మామూలు ఏడు కొట్టినా బంగారం అతనిదే. పై నుంచి గురి దించుకుంటూ వస్తుండగా అనుకోకుండా వేలు ట్రిగ్గర్‌కు తగిలింది. 4.4 పడి నాలుగో స్థానానికి జారిపోయాడు. ప్రపంచంలో అతనికంటే కదలకుండా నిలబడగలిగినవారు ఆ రోజు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. అదే ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఫైనల్లో చివరి షాట్‌కు ముందు అభినవ్ బింద్రా, ఫిన్లాండ్ షూటర్ హెన్రి హాక్కినెన్ సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టాడు, హాక్కినెన్ 9.7. ఆ స్థాయిలో ఇద్దరి హోల్డ్‌లో, అంటే రైఫిల్‌ను నిలిపి ఉంచడంలో, అంత తేడా ఉంటుందని నమ్మడం కష్టం. చివరి పావు సెకనులో ఒత్తిడి ఎలా పెరిగిందన్న దగ్గరే తేడా వచ్చి ఉండాలని నా అభిప్రాయం.

ట్రిగ్గర్ తెగాక కూడా పని మిగిలే ఉంటుంది. పాయింట్ టూటూ తూటా బ్యారెల్ దాటడానికి రెండు మూడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది, ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌కు అంతకంటే ఎక్కువే పడుతుంది. ఫాలో త్రూ నేర్పేటప్పుడు కోచ్‌లు షాట్ తర్వాత రెండు సెకన్లు గురిలోనే ఉండమనేది ఆ రెండు మిల్లీసెకన్ల కోసం కాదు. షాట్ తర్వాత తల ఎత్తాలని ముందే అనుకున్న ఒళ్లు షాట్‌కు ముందే ఎత్తడం మొదలుపెడుతుంది, దాన్ని ఆపడం కోసం.

ఇక పెద్ద అభ్యంతరం: ఇదంతా సరే, మంచి బ్యారెల్, మంచి తూటా లేకుండా దూరంలో గురి కుదురుతుందా? నిజమే, చెడ్డ తూటాతో ఎవరూ గెలవలేరు. కానీ తప్పులు ఒకదానికొకటి ఎలా కలుస్తాయో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పులు నేరుగా కూడవు. వాటి వర్గాలు కూడి, ఆ మొత్తానికి వర్గమూలం వస్తుంది. షూటర్ వల్ల వచ్చే చెదురు 8 మి.మీ., తూటా వల్ల వచ్చేది 6 మి.మీ. అయితే మొత్తం 14 కాదు, 10. ఇప్పుడు తూటాల మీద ఖర్చు రెట్టింపు చేసి ఆ 6ను 3కు తగ్గించారనుకోండి, మొత్తం 8.5కు దిగుతుంది. ఖర్చు లేకుండా పొజిషన్, ట్రిగ్గర్ మీద పనిచేసి 8ని 4కు తగ్గిస్తే మొత్తం 7.2. పెద్ద తప్పును సగం చేయడం చిన్న తప్పును సగం చేయడం కంటే ఎప్పుడూ లాభమే. మన దేశంలో మ్యాచ్ తూటాలు ఎక్కువగా దిగుమతి సరుకు. వాటి ధర మోయలేక యాభై మీటర్లు మానేసే పిల్లలున్నారు. వాళ్ల తల్లిదండ్రులకు ఈ లెక్క తెలియడం అవసరం. షూటర్ చెదురు తూటా చెదురుకు సమానమయ్యేదాకా సామాను మార్చకండి. ఆ స్థాయికి వచ్చాక రైఫిల్‌ను బెంచి మీద ఆనించి లాట్‌లు పరీక్షించి మీ బ్యారెల్‌కు సరిపడేది ఎంచుకోండి.

అయితే ఎవరి చెదురు ఎంతో ఎలా తెలుస్తుంది? మూడు షాట్ల గ్రూప్‌తో తెలియదు. మూడు తూటాలు నాణెంలో పట్టేలా పడ్డాయని రైఫిల్‌ను మెచ్చుకోవడం ప్రతి రేంజ్‌లో కనిపించే దృశ్యం. గణితం చెప్పేదేమిటంటే, అదే రైఫిల్, అదే షూటర్ మూడు షాట్లు కొడితే వాటిలో అతి దూరంగా పడిన రెండింటి మధ్య దూరం, పది షాట్ల గ్రూప్‌లో వచ్చేదానిలో సగటున మూడింట రెండు వంతులే ఉంటుంది. మెరుగుపడ్డామన్న ఆ భ్రమ అంతా షాట్లు తక్కువ కావడం వల్లే. ఎలక్ట్రానిక్ టార్గెట్ వచ్చాక దీనికి తోడు ఇంకో అలవాటు పట్టుకుంది. ఒక్క తొమ్మిది కుడికి పడగానే రెండు క్లిక్కులు ఎడమకు తిప్పడం. ఆ తొమ్మిది మీ మామూలు చెదురులో భాగమైతే, క్లిక్కు తిప్పడంతో మధ్యలో ఉన్న గ్రూప్‌ను మీరే పక్కకు జరిపినట్టు. ప్రతి షాట్‌కూ ఇలా తరిమితే చెదురు తగ్గకపోగా దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. సాధనలో వారానికి ఒక రోజైనా మానిటర్ తిప్పేసి, క్లిక్కులు ముట్టకుండా పది షాట్లు కొట్టి, ఆ పదింటి మధ్య బిందువు ఎక్కడుందో చూసి అప్పుడు తిప్పండి.

ఆ పది షాట్ల ఆకారమే మిమ్మల్ని మూడో రకం తప్పుల దగ్గరికి తీసుకెళుతుంది. తూటా గాలిలో ఉన్నంతసేపూ కింద పడుతూనే ఉంటుంది. సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరే మ్యాచ్ తూటా యాభై మీటర్లకు 0.16 సెకను తీసుకుని పన్నెండున్నర సెంటీమీటర్లు పడుతుంది. నూరు మీటర్లకు వెళ్లేసరికి యాభై సెంటీమీటర్లు దాటుతుంది. దూరం రెండింతలు, పతనం నాలుగింతల పైన. సైట్ ఎత్తు సరిచేసుకుంటే ఆ పతనం పోయినట్టే అనిపిస్తుంది. కానీ దాన్ని ఆధారం చేసుకుని రెండు తప్పులు బతుకుతాయి. ఒకటి, తూటా తూటాకు వేగంలో తేడా. సెకనుకు 5 మీటర్లు తగ్గితే యాభై మీటర్ల దగ్గర తూటా దాదాపు 4 మి.మీ. కిందికి, నూరు దగ్గర 16 మి.మీ. కిందికి పడుతుంది. రెండోది రైఫిల్ పక్కకు ఒరగడం, అంటే క్యాంట్. రైఫిల్ 5 డిగ్రీలు ఒరిగితే, సైట్లు నడిమధ్య ఉన్నా, యాభై దగ్గర 11 మి.మీ. పక్కకు పోతుంది, నూరు దగ్గర 46. ప్రోన్‌లో కొంత ఒరిగించి పట్టుకోవడం కొందరికి సుఖం, అది తప్పు కాదు. ప్రతి షాట్‌కూ అంతే ఒరగాలి, అదీ నియమం. ఫ్రంట్ సైట్‌లో అడ్డగీతలున్న రింగు వాడితే ఒరుగు మారడం కంటికి తెలుస్తుంది. గ్రూప్ నిలువుగా సాగితే ఊపిరి, తూటా వేగం, భుజం దగ్గర బట్‌ప్లేట్ అనుమానించండి. అడ్డంగా సాగితే క్యాంట్, ఆపైన గాలి.

గాలి గురించి చాలామంది నమ్మేది ఒకటుంది: తూటా ఎంత వేగంగా పోతే గాలి అంత తక్కువ తోస్తుందని. సరిగ్గా చెప్పాలంటే, తోపును నిర్ణయించేది ప్రయాణకాలం కాదు. గాలి నిరోధం వల్ల తూటా ఎంత ఆలస్యమైందో ఆ ఆలస్యం. అడ్డంగా వీచే గాలి వేగాన్ని ఆ ఆలస్యంతో గుణిస్తే తోపు వస్తుంది. ధ్వని వేగాన్ని దాటి బయల్దేరే పాయింట్ టూటూ తూటా ఆ హద్దు దగ్గర గాలితో మరీ ఎక్కువగా పోట్లాడి వేగం పోగొట్టుకుంటుంది. కాబట్టి దానికి గాలి తోపు ఎక్కువే. మ్యాచ్ తూటాలను ధ్వని వేగానికి లోపలే ఉంచడానికి ఇదొక కారణం. సెకనుకు ఒక మీటరు అడ్డగాలి, అంటే ముఖానికి చల్లగా తగిలీ తగలనంత గాలి, యాభై మీటర్ల దగ్గర తూటాను సుమారు 5 మి.మీ. జరుపుతుంది. నూరు దగ్గర నాలుగింతలు. లేన్ పక్కన 10, 30 మీటర్ల దగ్గర కట్టే జెండాలు రెండూ ఒకేలా ఊగనప్పుడు దగ్గరి జెండాకు ఎక్కువ విలువ ఇవ్వండి. మొదట్లోనే పక్కకు తిరిగిన తూటా మిగతా దూరమంతా ఆ కోణంలోనే పోతుంది కదా. మన దగ్గర ఎండ ఎక్కాక నేల కాగి గాలి గాడి తప్పుతుంది. అందుకే కొత్తవారు పొద్దున్నే, జెండాలు వాలి ఉన్నప్పుడు, తమ చెదురు ఎంతో తేల్చుకోవాలి. గాలిలో కొట్టేటప్పుడు మొదట్లో గాలిని లెక్కగట్టే పని పెట్టుకోకండి. ఎక్కువసేపు నిలిచే ఒక గాలిని ఎంచుకుని, సైటర్లలో, అంటే లెక్కలోకి రాని తొలి షాట్లలో, సైట్లు దానికి సరిచేసుకుని, జెండా ఆ తీరులో ఉన్నప్పుడే కొట్టండి, మారితే ఆగండి. త్రీ పొజిషన్‌లో గడియారం తరుముతుంది కాబట్టి ఈ ఓపిక కొంతవరకే సాగుతుంది, కానీ మొదలు అదే.

ఇప్పుడు మరో అభ్యంతరానికి జవాబు చెప్పాలి. గాలి దూరంలోనే ఉంటుంది, కాబట్టి దూరంలో గురి దూరంలోనే నేర్వాలి, పది మీటర్ల సాధన వృథా అంటారు కొందరు. ఈ మాటలో నిజం ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్లలో కాంస్యం సాధించాడు, అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రెండు పోటీల్లోనూ ఫైనల్‌కు చేరలేదు. 50 మీటర్లు రాని షూటర్ కాదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ప్రోన్‌లో రజతం, త్రీ పొజిషన్‌లో కాంస్యం తెచ్చుకున్నాడు. ఒక దూరంలో దక్కిన పతకం మరో దూరానికి హామీ కాదన్నంతవరకు ఇది సాక్ష్యమే. కానీ దగ్గరి సాధన వృథా అని దీన్నుంచి తేలదు. స్వప్నిల్ కుసాలే 2024 పారిస్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్‌లో మన దేశానికి తొలి ఒలింపిక్ పతకం తెచ్చినప్పుడు, క్వాలిఫికేషన్‌లో అతని 590లో నీలింగ్ 198, ప్రోన్ 197, స్టాండింగ్ 195. అన్నిటికంటే నిలకడైన ప్రోన్‌లో నీలింగ్ కంటే ఒక పాయింట్ తక్కువ, అన్నిటికంటే ఊగే స్టాండింగ్‌లో పోయినది ఐదే. ఒక మ్యాచ్‌తో సిద్ధాంతం కట్టకూడదు గానీ, నిశ్చలత్వమే స్కోరైతే ఈ మూడు సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండేవి కావు. ఊగుతున్నా శుభ్రంగా తెగే షాట్ నేర్చుకునేది పది మీటర్ల స్టాండింగ్‌లోనే. ఆ షాట్ లేకుండా గాలిలోకి వెళ్తే తూటా పక్కకు పడినప్పుడు గాలిని నిందించాలో వేలిని నిందించాలో తేలదు. గాలి చదవడం దూరంలోనే నేర్చుకోవాలి, నిజమే. కానీ తన షాట్ తనకు తెలిసినవారే దాన్ని నేర్వగలరు.

తన షాట్ తనకు తెలియడానికి మార్గం షాట్ పిలవడం. ట్రిగ్గర్ తెగిన క్షణంలో సైట్లు ఎక్కడున్నాయో చూసి, మానిటర్ వైపు కన్ను తిప్పకముందే, తొమ్మిదిన్నర, మూడు గంటల దిక్కు అని మనసులో అనుకుని, నోటుబుక్కులో ఒక చుక్క పెట్టాలి. తర్వాత పడినచోటు మరో రంగులో. పది షాట్ల తర్వాత రెండు రంగుల చుక్కలూ పక్కపక్కనే ఉంటే, మీ తప్పులన్నీ కనిపించే తప్పులే. హోల్డ్ మీద పనిచేయండి. పిలిచినవి మధ్యలో ఉండి పడినవి చెల్లాచెదురైతే సైట్ల కుదురు, చెంప, ట్రిగ్గర్ చూడండి. పడినవన్నీ పిలిచినవాటికి ఒకే వైపు ఒకే దూరంలో ఉంటే సైట్లు తిప్పండి, లేదా జెండా వైపు చూడండి. ఈ నోటుబుక్కుకు వెల లేదు, రేంజ్‌లో దీన్ని నెలల తరబడి రాసేవారు మాత్రం తక్కువ.

రేంజ్‌కు వెళ్లని రోజుల్లో ఖాళీ రైఫిల్‌తో డ్రై ఫైర్ చేయవచ్చు, తెల్ల గోడ ముందు. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు, చాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ రెండుసార్లు చూసుకోవాలి. పాయింట్ టూటూ రైఫిల్ అయితే డ్రై ఫైర్‌కు అనువైన ఏర్పాటు ఉందో లేదో ముందు తెలుసుకోవాలి, లేకపోతే ఫైరింగ్ పిన్ చాంబర్ అంచును దెబ్బతీస్తుంది. మన చట్టం ప్రకారం పాయింట్ టూటూకు లైసెన్స్ కావాలి, కొట్టేది గుర్తింపు ఉన్న రేంజ్‌లో, రేంజ్ ఆఫీసర్ కళ్ల ముందే. గోడ ముందు కార్డు లేదు కాబట్టి చూపు పరిగెత్తడానికి చోటుండదు, ఫ్రంట్ రింగు మీదే ఉంటుంది. ట్రిగ్గర్ తెగినప్పుడు ఆ రింగు ఉలిక్కిపడిందా లేదా అన్నదొక్కటే చూడాలి. ఇరవై నిమిషాలు చాలు, దాటితే అలసట తప్పుడు అలవాట్లను నేర్పుతుంది.

తర్వాతి దూరానికి ఎప్పుడు వెళ్లాలన్నది స్కోరును బట్టి నిర్ణయించేవారు ఎక్కువ. స్కోరు గాలి లేని రోజు ఒకలా, ఉన్న రోజు మరోలా ఉంటుంది. నోటుబుక్కును బట్టి నిర్ణయించండి. జెండాలు వాలిన పొద్దున, యాభై మీటర్ల ప్రోన్‌లో, వరుసగా నాలుగు పది షాట్ల గ్రూప్‌లలో పిలిచిన చుక్కకూ పడిన చుక్కకూ దూరం ఒక రింగు, అంటే 8 మి.మీ. దాటనప్పుడు మీ కోణపు తప్పు అదుపులో ఉన్నట్టు. అప్పుడు మధ్యాహ్నం లేన్ తీసుకోండి, జెండాలు లేచి ఉన్నప్పుడు. పిలిచినదానికీ పడినదానికీ మధ్య కొత్తగా వచ్చిన తేడాను జెండా బొమ్మ పక్కన రాసుకోవడం ఆ రోజు నుంచి మొదలుపెట్టండి.